నింద కంటే ముందు కొలత

శనివారం రాత్రి ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ కొత్త విండోస్ ఎక్కించారు. సోమవారం పొద్దున్నే గోల మొదలైంది. ఫైలు తెరుచుకోవడం లేదు. ఎక్సెల్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు ఆ గదిలో రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "అప్‌గ్రేడ్ వద్దని నేను ముందే మొత్తుకున్నాను." "పాతదే మళ్ళీ ఎక్కించెయ్యండి." మొదటి మాట నింద. రెండోది పలాయనం. రెండింటిలోనూ ఒక్క అంకె కూడా లేదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అంచేత ఇలాంటి సోమవారాలు ఇళ్ళల్లో, ఆడిటర్ ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో చాలానే వచ్చాయి, ఇంకా వస్తాయి. ఆ కంప్యూటర్ల బాధ్యత మీదైతే, ఆ పూట మిమ్మల్ని కాపాడేది నిగ్రహం. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని, తెలిసేదాకా చెయ్యి అదుపులో పెట్టుకోగల నిగ్రహం. అది అలవాటుతో వస్తుంది. నెమ్మదించిన డిస్కు ఆ అలవాటు చేసుకోవడానికి చాలా మంచి చోటు. ఎందుకంటే ఇక్కడ ప్రతి అనుమానాన్నీ అంకెతో తేల్చుకోవచ్చు. మనుషుల మధ్య తగాదాల్లో ఆ సౌకర్యం దొరకదు.

ముందు ఫిర్యాదును పూర్తిగా వినండి. "సిస్టమ్ స్లో" అన్న మాటతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. అకౌంట్స్ విభాగంలో ఒక పెద్దావిడ దగ్గరికి సపోర్టు కుర్రాడు వెళ్ళాడనుకోండి.

"ఏది స్లోగా ఉంది మేడమ్?"

"అన్నీనూ. పొద్దుట్నుంచీ ఇదే గొడవ బాబూ."

"ఏం చెయ్యబోతే ఆగిపోయింది?"

"కంపెనీ డేటా తెరవబోయాను. రెండు నిమిషాలు పట్టింది."

"తెరుచుకున్నాక ఎంట్రీలు వేస్తుంటే ఎలా ఉంది?"

"అప్పుడు బాగానే ఉంది. భోజనం చేసొచ్చి మళ్ళీ తెరిస్తే టక్కున వచ్చింది కూడా."

మూడు ప్రశ్నలకే "అన్నీ" అన్నది "పొద్దున మొదటిసారి తెరిచినప్పుడు" దాకా కుదించుకుపోయింది. ఆవిడ చివరి మాట అడక్కుండా వచ్చింది. అన్నిటికన్నా విలువైనది అదే. మధ్యాహ్నం టక్కున తెరుచుకుందంటే రెండు కారణాలుండొచ్చు. పొద్దున ఇంకేదో పని డిస్కును ఆక్రమించి ఉండొచ్చు. లేదా రెండోసారి తెరిచేటప్పటికి ఆ డేటా మెమరీలో సిద్ధంగా ఉండొచ్చు. ఏదన్నదీ తేల్చడం కష్టమేమీ కాదు. మధ్యాహ్నం ఒకసారి రీస్టార్ట్ చేసి, పదిహేను నిమిషాలు ఆగి, అదే డేటా తెరవాలి. అప్పుడూ రెండు నిమిషాలు పడితే పొద్దుటి రద్దీ ఒక్కటే కారణం కాదన్నమాట. ఈ చిన్న పరీక్ష చెయ్యాలంటే ఆవిడ మాటకి అడ్డుపడకుండా చివరిదాకా విని ఉండాలి. చాలామంది సాంకేతిక నిపుణులు ఓడిపోయేది ఇక్కడే. రెండో వాక్యానికల్లా జవాబు దొరికిందనుకుని మౌస్ లాక్కుంటారు.

ఇప్పుడు పొద్దుటి రద్దీ సంగతి. అప్‌గ్రేడ్ అయిన కొత్తల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌కి సొంత పనులు చాలా ఉంటాయి. వెతుకులాట కోసం ఫైళ్ళ సూచిక తిరగరాసుకోవాలి. డిఫెండర్ ఫైళ్ళను తనిఖీ చేసుకోవాలి. మిగిలిపోయిన అప్‌డేట్లు దించుకోవాలి. వన్‌డ్రైవ్ ఉంటే అది తన ఫైళ్ళను సరిచూసుకోవాలి. మాక్‌లోనూ ఇంతే. స్పాట్‌లైట్ మొత్తం మళ్ళీ సూచిక కడుతుంది, యాక్టివిటీ మానిటర్‌లో 'ఎండీఎస్' అని మొదలయ్యే పేర్లతో కనపడుతుంది. ఇవన్నీ ఒకసారి పూర్తయితే అణిగిపోయే పనులు. మెషీన్‌కి కరెంటు పెట్టి, నిద్రలోకి జారకుండా అమర్చి, ఒక రాత్రి వదిలెయ్యండి. ఆగడం కూడా పనే, దానికి గడువు పెట్టుకుంటే. రెండు రాత్రులు గడిచినా అదే రద్దీ ఉంటే అప్పుడు లోపలికి దిగాలి.

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్కు మీద నొక్కండి. యాక్టివ్ టైమ్ 100 శాతం ఉందనుకోండి. కంగారులో చాలామంది అక్కడే ఆగి "డిస్కు పోయింది" అంటారు. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, చదివే వేగం సెకనుకి ఒక మెగాబైటు కూడా లేదు. 100 శాతం కష్టపడుతూ అంత తక్కువ పనా? లెక్క వేసి చూడండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకి 120 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు చదివే తల కిందకి రావడానికి సగటున అరచుట్టు పడుతుంది, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. తల ఒక గాడి నుంచి ఇంకో గాడికి జరగడానికి సుమారు ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. రెండూ కలిపితే సెకనుకి 80 చోట్లకి మించి వెళ్ళి రాలేదు. ఒక్కో చోట 4 కిలోబైట్ల ముక్క చదివితే సెకనుకి 320 కిలోబైట్లు. అదే డిస్కు ఒకే పెద్ద ఫైలును వరసగా చదివితే సెకనుకి 100 మెగాబైట్లు దాటుతుంది. కిరాణా కొట్లో ఒకాయన 25 కిలోల బియ్యం బస్తా ఎత్తుకుపోతాడు, ఇంకొకావిడ ఆవాలు, మెంతులు, జీలకర్ర అంటూ ముప్ఫై రకాలు వంద గ్రాముల చొప్పున కట్టించుకుంటుంది. కొట్లో కుర్రాడి చేతికి తీరిక లేకపోవడం రెండుసార్లూ ఒకటే, గడప దాటిన బరువే వేరు.

కాబట్టి డిస్కు ఎంత తీరిక లేకుండా ఉందన్నది ఒక్కటే చూడకండి. ఒక్కో అభ్యర్థనకి జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో చూడండి. టాస్క్ మేనేజర్‌లో ఆ సగటు జవాబు సమయం మిల్లీసెకన్లలో అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీకి మామూలుగా ఒక మిల్లీసెకను లోపే. తిరిగే డిస్కుకి పది, ఇరవై సహజం. వందల్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోతే జబ్బు ఉన్నట్టు. రిసోర్స్ మానిటర్‌లో డిస్కు పేజీ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలు మీద పనిచేస్తోందో పేర్లతో సహా కనిపిస్తుంది. లినక్స్‌లో ఐఓస్టాట్ వివరమైన జాబితాలో అవెయిట్ అన్న వరసలు ఇదే సంగతి చెబుతాయి. అక్కడ యుటిల్ వరసలో ఎస్‌ఎస్‌డీకి 100 కనిపిస్తే కంగారు వద్దు. అది ఒకేసారి ఎన్నో అభ్యర్థనలు అందుకోగలదు, ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉన్నంతమాత్రాన దాని శక్తి అయిపోయినట్టు కాదు.

ఈలోగా మేనేజరు వచ్చి అరుస్తాడు. అరుపు గురించి డిస్కుల ప్రపంచంలో ఒక ప్రసిద్ధమైన ప్రదర్శన ఉంది. 2008 చివర్లో, అప్పుడు సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఇంజనీరుగా ఉన్న బ్రెండన్ గ్రెగ్ సర్వర్ల గదిలో డిస్కుల పెట్టె ముందు నిలబడి, నోరు దగ్గరగా పెట్టి గట్టిగా అరిచాడు. సహోద్యోగి బ్రయన్ కాంట్రిల్ దాన్ని వీడియో తీశాడు. పక్కన తెరమీద డిస్కుల జవాబు సమయం గ్రాఫు నడుస్తోంది. అరిచిన క్షణానే గ్రాఫు పైకి లేచింది. గొంతులోంచి వచ్చిన కంపనానికే డిస్కుల పని ఆలస్యమైంది. తల గాడి మీద కుదురుగా నిలబడకపోతే, ఆ చోటు మళ్ళీ తిరిగొచ్చేదాకా ఆగాల్సిందే మరి. నాకు ఈ ప్రదర్శన ఎంతో ఇష్టం. అరుపు వల్ల ఆలస్యం పెరుగుతుందని ఇంత కచ్చితంగా కొలిచి చూపించినవాళ్ళు అరుదు.

మనిషి మీద అరిస్తే ఆ గ్రాఫు కంటికి కనపడదు, అంతే తేడా. అరుపు విన్న కుర్రాడు ఆలోచించడం మానేసి ఏదో ఒకటి చెయ్యడం మొదలుపెడతాడు, చేస్తున్నట్టు కనపడాలి కాబట్టి. మీరు మేనేజరు అయితే ఆ గదిలోకి వెళ్ళి అడగాల్సింది ఒక్కటే: "ఇప్పటికి ఏం తేలింది?" మీరే ఆ కుర్రాడైతే చెప్పాల్సింది కూడా సూటిగా చెప్పండి. "కారణం ఇంకా తెలీదు సార్. డిస్కు జవాబు సమయం 300 మిల్లీసెకన్లు చూపిస్తోంది. ఏ ప్రోగ్రామ్ వల్లో నాలుగింటికల్లా చెబుతాను." తెలీదనడానికి సిగ్గుపడనక్కర్లేదు. తెలీదన్న మాట పక్కన ఒక అంకె, ఒక సమయం ఉంటే ఎదుటివాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

గ్రెగ్ తర్వాత రోజుల్లో కంప్యూటర్ల పనితీరు మీద పుస్తకాలు రాశాడు. ఎలా వెతకాలో చెప్పడంతోపాటు ఎలా వెతకకూడదో కూడా పేర్లు పెట్టి రాశాడు. తోచిన మార్పల్లా చేసి చూడటం అందులో ఒకటి. తప్పంతా ఇంకో టీమ్ మీదకి తోసెయ్యడం ఇంకొకటి. దీపం వెలుగున్న చోటే వెతకడం, అంటే తనకి తెలిసిన పరికరంతోనే చూసి సరిపెట్టుకోవడం మరొకటి. మన ఆఫీసుల్లో మొదటిదానిదే రాజ్యం. యూట్యూబ్‌లో చూసిన ఐదు చిట్కాలు ఐదు నిమిషాల్లో అమలవుతాయి. సిస్‌మెయిన్ ఆపేశారు, ఇండెక్సింగ్ ఆపేశారు, రిజిస్ట్రీలో రెండు అంకెలు మార్చారు, యాంటీవైరస్ తీసేశారు, పేజ్ ఫైలు ఇంకో డ్రైవుకి జరిపారు. వేగం వచ్చిందే అనుకుందాం. ఏది పనిచేసింది? ఎవరికీ తెలీదు. వారం తర్వాత అవుట్‌లుక్‌లో వెతుకులాట సరిగ్గా రాకపోతే ఈ ఐదింటిలో ఏది కారణమో కూడా ఎవరికీ తెలీదు. ఒకసారి ఒక్క మార్పే చెయ్యండి. చేసే ముందు కొలవండి, చేశాక కొలవండి, లాభం లేకపోతే వెనక్కి తీసి పాత స్థితిలో పెట్టండి. కాగితం మీద ఒక లైను రాయండి. ఇది చాలా నెమ్మదైన పద్ధతిలా అనిపిస్తుంది కానీ, మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఒక్కోసారి తప్పు నిజంగా అప్‌గ్రేడ్‌దే. విండోస్ 11 విడుదలైంది 2021 అక్టోబరు 5న. ఆ కొత్తల్లోనే, డిస్కుకి రాసే వేగం పడిపోయిందని ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు చేసినవాళ్ళలో కొందరు వట్టి "స్లో" అనలేదు. విండోస్ ఉన్న సీ డ్రైవులో వేగం ఎంత, అదే కంప్యూటర్లో రెండో డ్రైవులో ఎంత అని పక్కపక్కన పెట్టి చూపించారు. సీ డ్రైవుకే దెబ్బ. ఆ తేడాలోనే కీలకం ఉంది. డిస్కులో జరిగే మార్పులను నమోదు చేసుకునే యూఎస్‌ఎన్ జర్నల్ అనే చిట్టా ఉన్న డ్రైవుల్లో, రాసిన ప్రతిసారీ విండోస్ అనవసరమైన పని ఒకటి అదనంగా చేసేది. సీ డ్రైవులో ఆ చిట్టా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని ఒప్పుకుంది. నవంబరు 22న ముందస్తు అప్‌డేట్‌లో, డిసెంబరులో అందరికీ సవరణ ఇచ్చింది. కోపంగా రాసిన ఫిర్యాదు ఎంత పెద్దదైనా దాంతో ఇంజనీరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు. రెండు డ్రైవుల మధ్య తేడా చూపించే నాలుగు అంకెలు అతనికి దారి చూపిస్తాయి. ఇంట్లో, ఉద్యోగంలో మీ ఫిర్యాదుల్ని ఎవరూ పట్టించుకోవడం లేదని బాధపడుతుంటే, అవి ఈ రెండు రకాల్లో ఏ రకమో ఒకసారి చూసుకోండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో మొత్తం విషయంలో లోతైనది ఇదే. అప్‌గ్రేడ్ తర్వాత వచ్చిన నెమ్మదే నిజం, పాత వేగం అబద్ధం కావచ్చు.

లినక్స్‌లో చాలా ఏళ్ళు రాజ్యమేలిన ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టమ్‌లో, బ్యారియర్ అనే జాగ్రత్త కెర్నల్ మామూలు అమరికలో ఆపేసి ఉండేది. 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28 కెర్నల్ నాటికి ఎక్స్‌ట్4 స్థిరపడింది, అందులో ఆ జాగ్రత్త మొదటినుంచీ వేసి ఉంటుంది. ఏమిటా జాగ్రత్త? డేటాబేస్ ఒక లావాదేవీ ముగించి "ఇది డిస్కు మీద పడిందా?" అని అడుగుతుంది. బ్యారియర్ లేకపోతే డిస్కు తన లోపలి తాత్కాలిక మెమరీలో పెట్టుకుని "పడింది" అనేస్తుంది. నిజంగా డిస్కు లోపల తిరిగే పళ్ళెం మీద రాయడం తర్వాతెప్పుడో. బ్యారియర్ ఉంటే పళ్ళెం మీద రాసేదాకా ఆగి, అప్పుడు జవాబు చెబుతుంది. పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళు తమ లావాదేవీల వేగం ఒక్కసారిగా కూలిపోవడం చూశారు. ఇందాకటి లెక్క మళ్ళీ తీయండి. సెకనుకి 120 చుట్లు తిరిగే ఒకే డిస్కు, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే లావాదేవీలను నిజంగా పళ్ళెం మీద రాస్తుంటే, సెకనుకి సుమారు 120కి మించి ముగించలేదు. అలాంటి డిస్కు మీద మీ పరీక్షలో రెండు వేలు వచ్చిందంటే సంబరపడకండి. రాయకుండానే రాశానంటోంది.

ఇప్పుడు చూడండి ప్రలోభం ఎక్కడుందో. ఫైల్ సిస్టమ్ అమరికలో ఒక చిన్న మాట చేరిస్తే బ్యారియర్ ఆగిపోతుంది, పాత వేగం తిరిగొస్తుంది, మేనేజరు భుజం తడతాడు. కరెంటు పోయేదాకా అంతా బాగానే ఉంటుంది. మన ఊళ్ళల్లో వేసవి మధ్యాహ్నాలు, బ్యాటరీ ఎప్పుడు మార్చారో గుర్తులేని యూపీఎస్‌లు మీకు తెలియనివి కావు. ముందు పోయేది కూడా తాజా లావాదేవీలే, అంటే ఇప్పుడే డబ్బు కట్టి రసీదు తీసుకుని బయటికి వెళ్ళినవాళ్ళవి. బ్యాటరీ రక్షణ ఉన్న కంట్రోలర్ కార్డు ఉంటే బ్యారియర్ ఆపడం సమంజసమే, అది తెలిసి తీసుకున్న నిర్ణయం. అది లేకుండా ఆపడం వేరు. సరిచూడకుండా సంతకం పెట్టేవాడు ఆఫీసులో అందరికన్నా వేగంగా కనపడతాడు. సరిచూసే పద్ధతి వచ్చిన రోజున నెమ్మదిగా కనపడతాడు. ఆ రోజున అతణ్ని తిట్టకండి. మీరే అతనైతే పాత వేగం కోసం వెంపర్లాడకండి. నిజాయితీకి పట్టే సమయం ఎంతో తెలిసింది కాబట్టి, ఆ సమయంలో ఎక్కువ పని ఎలా చెయ్యాలో చూడండి. డేటాబేస్ వాళ్ళూ అదే చేశారు, పది లావాదేవీలను కలిపి ఒకేసారి రాయించడం, లాగ్‌ను మంచి ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చడం.

పాత చిట్కాల సంగతి కూడా క్లుప్తంగా చెప్పుకోవాలి. 2019లో వచ్చిన 5.0 కెర్నల్‌లో లినక్స్ పాత డిస్కు షెడ్యూలర్లను పూర్తిగా తీసేసింది. షెడ్యూలర్‌ను ఎంచుకోవడానికి బూట్ లైనులో ఎవరో సీనియరు ఎప్పుడో రాసిన 'ఎలివేటర్' అమరిక ఇవాళ్టి కెర్నల్లో ఏ పనీ చెయ్యదు. అయినా ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి భక్తిగా నకలు అవుతూనే ఉంటుంది. ఎందుకుందో చెప్పలేని అమరికని ఉంచుకోవద్దు.

ఇక కాకతాళీయం. అప్‌గ్రేడ్ తర్వాత నెమ్మదించింది కాబట్టి అప్‌గ్రేడ్ వల్లే నెమ్మదించిందని ఎవరు చెప్పారు? అప్‌గ్రేడ్ అంటే డిస్కు మీద ఎన్నో గిగాబైట్లు చదవడం, రాయడం. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని చోట్లు ఆ రాత్రి ముట్టుకుంటారు. అప్పటికే బలహీనపడిన డిస్కు అప్పుడు బయటపడుతుంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదిక చూడండి. అందులో 5వ వరస, పాడై మార్చేసిన చోట్లు. 197వ వరస, చదవలేక పెండింగ్‌లో పెట్టిన చోట్లు. ఈ రెండూ పెరుగుతూ పోతుంటే డిస్కు వెళ్ళిపోవడానికి సిద్ధపడుతోంది. 199వ వరస పెరుగుతుంటే తరచుగా డిస్కు మంచిదే, కేబుల్ చెడ్డది లేదా వదులైంది. లినక్స్ లాగ్‌లో సాటా లింకు 6 గిగాబిట్ల నుంచి 1.5కి దిగిపోయినట్టు కనిపిస్తే కూడా ముందు కేబుల్‌నే అనుమానించండి. అప్‌గ్రేడ్ కోసం టేబుల్ కింది పెట్టెను ఎవరైనా ఇటూ అటూ జరిపారా అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడి మూడు రోజులు డ్రైవర్ల వెంట తిరిగేవాళ్ళున్నారు. ఇక్కడ వరస మాత్రం ముఖ్యం: 5, 197 వరసల్లో సున్నా కాకుండా ఇంకేమైనా కనిపిస్తే పరిశోధన ఆపి ముందు బ్యాకప్ తీసుకోండి. కారణం రేపు తెలిసినా ఫరవాలేదు, డేటా రేపటికి ఉండాలి.

ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా ఒక నేర్పే. ఆపిల్ 2018లో మోహావేతో తిరిగే డిస్కుల్ని కూడా ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌లోకి మార్చింది. అది ఎస్‌ఎస్‌డీలను దృష్టిలో పెట్టుకుని కట్టినది. తిరిగే డిస్కు మీద దాని సమాచారం చెల్లాచెదురై, తల అటూ ఇటూ పరిగెత్తాల్సి వస్తుంది. దానికి చిట్కా వెతుక్కుంటూ నెల గడపడం పట్టుదల అనిపించుకోదు. కారణం తెలిసింది, మందు డిస్కు మార్చడం. ఆ మాట యజమానికి లెక్కలతో సహా చెప్పి, ఎస్‌ఎస్‌డీ తెప్పించి, ఆ సాయంత్రం ఇంటికి వేళకి వెళ్ళండి.

ఇక్కడిదాకా చెప్పిన ప్రతి పరీక్షకీ ఒక లోటుంది. అప్‌గ్రేడ్‌కి ముందు అంకెలు ఎంతో చాలామందికి తెలీదు. "ఇదివరకు బాగుండేది" అన్నది జ్ఞాపకం, జ్ఞాపకం మంచి రోజులనే పెద్దవి చేసి చూపిస్తుంది. అందుకని అంతా సవ్యంగా ఉన్న ఒక మామూలు బుధవారం నాడు, ఎవరూ ఫిర్యాదు చెయ్యనప్పుడే, అరగంట కేటాయించండి. కంప్యూటర్ ఆన్ చేసిన దగ్గర్నుంచి పని మొదలుపెట్టగలిగేదాకా ఎన్ని సెకన్లు? కంపెనీ డేటా తెరవడానికి ఎన్ని? డిస్కు సగటు జవాబు సమయం ఎంత? క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో, లినక్స్ అయితే ఎఫ్ఐఓతో, వరసగా చదివే వేగమెంత, చిన్న చిన్న ముక్కలు చదివే వేగమెంత? డిస్కులో ఖాళీ ఎంతుంది? స్మార్ట్ నివేదికలో ఆ మూడు వరసల అంకెలు ఏమిటి? తేదీ వేసి, మీ పేరు రాసి, కాగితాన్ని ఆ కంప్యూటర్ పెట్టె పక్కకే టేపుతో అంటించండి. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్ళు ఎక్కడా వెతుక్కోనక్కర్లేకుండా.